డయలప్‌కి లావు కేబులు

గాజువాకలో మా ఇంటికి ఫోన్ లైను మీద నడిచే డయలప్ ఇంటర్నెట్ వచ్చినప్పుడు సెట్టింగులన్నీ నేనే చేసుకున్నాను. చిన్న చిన్న గళ్లు కనిపిస్తే అన్నింట్లోనూ టిక్కు కొట్టాను. డబ్బు కట్టాక ఒక్కటి మాత్రం ఎందుకు వదులుకోవాలి? మోడెం కీచుమనడం వరకూ బాగానే ఉండేది. ఆ తర్వాత పేరూ పాస్‌వర్డూ సరిచూస్తున్నానంటూ ఆ దిక్కుమాలిన కంప్యూటర్ బిగుసుకుని కూర్చునేది. చివరికి లైను తెగేది.

ఒకరోజు మా చెల్లి ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పంపాల్సి వచ్చింది. సాయంత్రం ఐదులోపు మెయిల్ వెళ్లకపోతే ఇక లేనట్టే. రెండేళ్లుగా ఇంట్లో కూర్చుని విసిగిపోయిన పిల్ల. "నెట్ సెంటర్‌కి ఎల్లిపోతానన్నయ్యా" అంది. "ఇంట్లో కంప్యూటరెట్టుకుని బజార్లో పడతావేటి?" అని నోరు మూయించాను. కంప్యూటర్ కోర్సు చేసింది తనే. కుర్చీ మాత్రం నేను వదల్లేదు.

మూడింటికి బావ దిగాడు. బావంటే మా అక్క మొగుడు, స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్. ఆయన లెక్కలో లోకంలోని ఏ జబ్బుకైనా లావు తీగే మందు. గోడ మీది ఫోన్ వైరుని రెండు వేళ్లతో పట్టుకుని నవ్వాడు.

"ఇదేటి బామ్మర్దీ, ఈ దారప్పోగులోంచి ఇంటర్నెట్టు ఎలగొత్తాది? లావు కేబులేసి సూడు, పరిగెత్తుకొత్తాది!"

ఆటోనగర్ వెళ్లి మోటార్లకి వేసే కేబులు తెచ్చాడు, బొటనవేలంత లావుది. కరెంటుకీ ఫోనుకీ తేడా తెలియని మొహం! లోపల నవ్వుకుంటూనే ఊరుకున్నాను. స్క్రూలు పళ్ల మధ్య పట్టుకుని గోడ దగ్గర చెమటోడ్చాడు. బిగించాక మళ్లీ డయల్ చేశాను. అదే కీచు, అదే బిగుసుకోవడం. "సాల్లేదు బామ్మర్దీ, ఇంకా లావుది తెత్తానుండు" అన్నాడు, మిగిలిన స్క్రూలు పళ్ల మధ్యే ఉంచుకుని. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఎవడో!

చెల్లికి ఓపిక చచ్చిపోయింది. నన్ను కుర్చీలోంచి లాగేసి తను కూర్చుంది. సెట్టింగులు తెరిచి, కావాల్సిన ఒక్క టిక్కు ఉంచి అక్కర్లేని మిగతావన్నీ తీసేసింది. డయల్ చేసింది. గుక్కెడు నీళ్లు తాగేలోపు కనెక్టయిపోయింది.

గోడ గడియారంలో ఐదూ పది.

"ఈ టిక్కులన్నీ ఎవులెట్టారు?" అంది.

నేను బావ వైపు వేలు చూపించాను.

బావ నా మొహంలోకి ఒకసారి చూశాడు. నోట్లోని స్క్రూలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "తెలీక ఎట్టేసినానమ్మా, తప్పయిపోనాది" అన్నాడు.

ఆయన ఆ కంప్యూటర్‌ని అప్పటివరకూ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.