తొమ్మిది అడుగుల వెలుగు

నా చిన్నప్పుడు నేను మొట్టమొదట కొలిచి రాసుకున్నది ఒక గదిని: పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు. చేపల రేవు పక్కన, రాయపురంలో మా ఇంటి వెనుక గది అది. నాకు అమ్మవారు పోసినప్పుడు వేపమండలు పరచి నన్ను అందులో ఉంచారు. అద్దం తీసేశారు. చేపల వాసన తప్ప బయటి లోకమేదీ నా దాకా వచ్చేది కాదు.

అమ్మవారు దిగిందని మూడోసారి వేపనీళ్లు పోసి, ఇక బయటికి రావచ్చన్న రోజున నేను గడప దాటలేదు. చెంబులోని నీళ్లలో మచ్చలు పడిన నా ముఖం చూసుకున్నాను మరి. పై వారమే సంవత్సర పరీక్షలు. "ఇంకేంటికే ఆడ కూర్చోనుండావు? ఏడాది పోతాదే!" అని అమ్మ అరిచినకొద్దీ గోడకు మరింత ఒదిగాను.

హార్బరులో పనిచేసే మా తాతయ్య దగ్గర, ఒక నావికుడి వద్ద కొన్న రెండు కళ్ల కెమెరా ఉండేది. ఒక్క నొక్కుకు రెండు బొమ్మలు పడేవి. జంట అద్దాల పెట్టెలో చూస్తే అవి ఒకటై, మనిషి ఎదుట కూర్చున్నట్టే లోతుగా కనిపించేవి. దాని ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోతుంది. చిన్నత్త పెళ్లికని దాచిన రెండే మిగిలాయి. ఒకటి నా ముఖానికి మూడడుగుల దూరంలో వెలిగించి బొమ్మ తీశాడు. రెండోది గడప అవతల నిలబడి, తొమ్మిది అడుగుల నుంచి.

బొమ్మలు కడిగించి తెచ్చి, పెట్టె నా చేతికిచ్చాడు. మొదటిదానిలో ఒక్క మచ్చ లేదు. మురిసిపోయాను. మళ్లీ చూస్తే ముక్కూ లేదు; మరీ దగ్గరి వెలుగుకు ముఖమంతా తెల్లబారిపోయింది.

"ఎట్లుండాది కన్నూ?"

"ఇడ్లీ మాదిరి ఉండాది తాతా."

"మచ్చల్లేవు గదా! ఇడ్లీనే పరీక్షకు పంపిస్తాంలే."

రెండోదానిలో మచ్చలన్నీ ఉన్నాయి, పదిహేడు. కానీ ముక్కు ముందుకొచ్చింది, కళ్లలో నా కోపం నాదిగానే ఉంది. అన్నిటికంటే ముందు గడప. దానికీ నాకూ నడుమ ఖాళీ నేల, నడిచిపోగలిగినంత స్పష్టంగా.

ఆ మధ్యాహ్నమే నడిచి గడప దాటాను. నా చిన్న అడుగులతో పద్నాలుగు.

ఆ బల్బులు ఇప్పుడు దొరకవు. నేటికీ డైరీలో ఎవరి తప్పైనా రాయబోయే ముందు, మనిషి మొత్తం కనబడాలని కుర్చీ కాస్త వెనక్కి జరుపుకొంటాను. పదిహేడింటిలో మూడు మచ్చలు నిలిచిపోయాయి. మొన్న మా అమ్మాయి ఫోనులో నా బొమ్మ తీసి వాటిని చెరిపేయబోతే, నాలుగడుగులు వెనక్కి జరిగి మళ్లీ తియ్యమన్నాను.