నీళ్లు మోసిన రెండు రోజులు: మా దానియేలు బావ

నిన్న పొద్దున డ్యూటీకి దిగుతుంటే అక్క ఫోన్.

"ఒరే రాజు, మీ బావ ఎల్లిపోనాడురా" అంది.

ఎక్కడికి అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

టీ తాగి కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదట. నెల్లిమర్లలో ఆటో ఎక్కించేలోపే అయిపోయింది. యాభై రెండేళ్లు. అదేం వయసు?

ఈరోజు సాయంత్రం చర్చి వెనక సమాధి చేస్తారు. నాకు సెలవు దొరకలేదు. దొరికినా సమయానికి చేరలేను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం. దానియేలు బావ మా అక్క భర్త. గల్ఫ్‌లో ఒక పెద్దమనిషి సొంత షికారు పడవ మీద, అదే యాట్ మీద, నీళ్లూ కరెంటూ చూసుకునేవాడు. ఆరేళ్లు చేశాడు. నన్ను అందులో పెట్టించింది ఆయనే.

ఒడ్డున ఉన్నంతసేపు పడవకి జెట్టీ కరెంటు, కేబుల్ మీద వస్తుంది. బయల్దేరితే జనరేటర్. అదీ ఆపితే బ్యాటరీలు. నీళ్లంటారా, ట్యాంకులో ఉన్నవే. సముద్రం మధ్య చెంబుడు నీళ్లు ఎవడూ ఇవ్వడు.

ఒక కరెంటు నుంచి ఇంకో కరెంటుకి మారేముందు బావ అన్ని స్విచ్‌లూ ఆపేవాడు. తర్వాత ఒక్కొక్కటే వేసేవాడు, పేరు పైకి చెప్తూ. పంపు. ఫ్రిజ్. గీజర్. హాజరు పిలిచే మాస్టారులా.

ట్యాంకు మీటర్‌ని నమ్మేవాడు కాదు. మూత తీసి కర్ర ముంచి చూసేవాడు. "ముల్లు అబద్దమాడతాది, కర్ర ఆడదురా" అనేవాడు. నాకు విసుగొచ్చేది.

నేను చేరిన మూడో నెల. ఓనర్ వాళ్లమ్మగారినీ పిల్లల్నీ తీసుకుని రెండు రోజుల ట్రిప్‌కి వస్తున్నాడు.

ఆ ఉదయం ట్యాంకు కడగాలి. అడుగున మిగిలిన నీళ్లు, కుళాయిలకి నీళ్లు తోసే పంపుతోనే తోడేస్తుంటే జెట్టీలో కరెంటు పోయింది.

మనవైపు ఏం చేస్తాం? పొలంలో మోటారు స్విచ్ వేసి వదిలేసి ఇంటికొచ్చేస్తాం. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు అదే తిరుగుతుంది. పుట్టిన దగ్గర్నుంచి చూసింది అదే. నా చెయ్యీ అదే చేసింది. స్విచ్ అలాగే వదిలేసి ఓనర్ సామాన్లు మోయడానికి పోయాను.

కరెంటొచ్చింది. పంపు ఖాళీ ట్యాంకు మీద గంటసేపు తిరిగి కాలిపోయింది. నేనొచ్చి ట్యాంకు కడిగి నింపాను కానీ పంపు వంక చూడలేదు.

ఒడ్డు కనబడనంత దూరం వెళ్లాక ఓనర్ వాళ్లమ్మగారు ముఖానికి సబ్బు రాసుకుని కుళాయి తిప్పారు. గాలి వచ్చింది.

స్పేర్ పంపు రిపేరుకిచ్చి ఉంది. కెప్టెన్ మా ఇద్దర్నీ నిలబెట్టి, వదిలేసింది ఎవరని అడిగాడు. నేను బావ వైపు చూశాను.

"నేనే సార్" అన్నాడు బావ.

తర్వాత నన్ను పక్కకి లాగి చెప్పాడు. "నువ్వొచ్చి మూడు నెల్లే. నిన్నయితే రేపే పంపించెత్తారు. నాకు ఆరేళ్ల పేరున్నాది. ఒక్క తప్పు తట్టుకుంటాది."

ట్యాంకు మూత తీసి, బకెట్‌కి తాడు కట్టి, నూతిలోంచి తోడినట్టు తోడాడు. మూడంతస్తులు, ఐదు బాత్రూములు, రెండు రోజులు. నన్ను ఒక్క బకెట్ పట్టుకోనివ్వలేదు. "నా ఎనకాల తిరక్కు, ఆల్లకి అనుమానమొస్తాది" అన్నాడు.

ఆరేళ్ల పేరు తట్టుకోలేదు. ఆ నెలాఖరుకే బావని పంపేశారు.

ఆయన పని నాకిచ్చారు. నేను తీసుకున్నాను.

ఇంటికొచ్చి జూట్ మిల్లు రోడ్డులో మోటార్లు బాగుచేసుకునేవాడు. ఊళ్లో 'ఓడ ముంచినోడు' అని పేరు పెట్టారు. పెళ్లిళ్లలో అదే వేళాకోళం, చర్చి మెట్ల మీద కూడా అదే. అక్కకి కోపమొస్తే "ఒక్క స్విచ్చు కట్టనేకపోనాడు" అనేది. బావ నవ్వేవాడు. ఫోన్లో నాకు వినబడేది.

ఇన్వర్టర్ అరుస్తోందనో, గీజర్ వేస్తే బ్రేకర్ పడిపోతోందనో వారానికోసారి ఆయనకే ఫోన్ చేసేవాణ్ణి. ఓపిగ్గా చెప్పేవాడు. ఆ పాత సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

పోయిన క్రిస్మస్‌కి నేను ఊరొచ్చినప్పుడు అక్కకి చెప్పేస్తానన్నాను.

"ఇప్పుడెందుకురా? నీ ఉజ్జోగం పోతే మీ అక్క మల్లీ నన్నే తిడతాది" అన్నాడు.

సరే అన్నాను. బావ వద్దన్నాడు కాబట్టే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు భయం, అంతే.

నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. పాపం మంచోడు, ఆ ఒక్క తప్పు చెయ్యకపోతే ఇంకా అక్కడే ఉండేవాడు అని. ఇక నావల్ల కాదు.

అక్కా, ఆ స్విచ్ కట్టకుండా వదిలేసింది బావ కాదు. నేను.

నాలుగేళ్లుగా నేను తింటున్నది ఆయన తిండి.

మా కెప్టెన్‌కి తెలుగు రాదు. ఇక్కడున్న మనవాళ్లెవరైనా ఆయనకి చదివి చెప్తే చెప్పండి.

సాయంత్రం మట్టి వేసేముందు ఒకరు దీన్ని పైకి చదవండి. బావకి ఆ పేరు పెట్టినవాళ్లంతా వినాలి.

పడుకో బావా. ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.