తెలుపు మాస్టారి కొత్త లాప్‌టాప్

ఫోటో స్టూడియో ఆయన మెట్లెక్కి వస్తున్న చప్పుడులోనే మాస్టారి భార్యకి అర్థమైపోయింది, ఈసారి కూడా మంచి మాట కాదని. మామూలుగా ఆయన కింద నుంచే "చెల్లెమ్మా, టీ పెట్టు" అని కేక వేసుకుంటూ వస్తాడు. ఇవాళ నోరు మెదపకుండా వచ్చి, చంకలోని ఆల్బమ్ తీసి టేబుల్ మీద పడేశాడు.

"మాస్టారూ, మీరే చూడండి. బడిలో దిగిన ఫోటోలేనా ఇవి? పిల్లల్ని చన్నీళ్లలో ముంచి తీసినట్టుంది."

ఆమె భర్త కళ్లద్దాలు పైకి తోసుకుని నెమ్మదిగా పేజీలు తిప్పాడు. కిటికీ వైపు పట్టుకుని ఒకసారి, గోడ వైపు తిరిగి ఒకసారి చూశాడు.

"బాగానే ఉన్నాయి కదా?"

"బాగుంటే ఆ హెడ్మాస్టరమ్మ నా మొహాన ఎందుకు కొడుతుంది? ఆ పెదాలు చూడండి, సిరా తాగినట్టు లేవూ?"

స్టూడియోలో తీసిన ఫోటోలు ఏళ్ల తరబడి ఈ ఇంటికే వస్తున్నాయి. రంగులు సరిచేసి, పేజీలుగా పేర్చి, అచ్చుకి పంపడం ఆయన పని. ఏ ఫోటో తెరిచినా ఆయన ముందు మొహాలు చూడడు. చొక్కానో, జేబురుమాలో, గోడో, ఏదో ఒక తెల్లటి వస్తువు వెతుకుతాడు. "ముందు తెలుపు కుదరాలి. తెలుపు కుదిరితే మిగతావన్నీ బుద్ధిగా వాటి చోట్లో కూర్చుంటాయి" అంటాడు. స్టూడియోలో అందరూ ఆయన్ని తెలుపు మాస్టారు అనడం అందుకే. మొదట వేళాకోళానికి అన్నారు. తర్వాత అదే పేరైపోయింది.

"తప్పు నాది కాదు, దీనిది," అని మాస్టారు లాప్‌టాప్ నెత్తిన ఒకటి మొట్టాడు. "నేను సరిచేసి మూసి పెడతాను. కాసేపాగి తెరిస్తే మళ్లీ పసుపు. దీనికి కామెర్లొచ్చాయి."

"అయితే దాన్ని మార్చెయ్యండి. దానికి కామెర్లొస్తే మీరు నా గిరాకీలకి నీలం పూస్తారేమిటి?" స్టూడియో ఆయన నవ్వబోయి మానేశాడు. "ఒక పెళ్లి ఆల్బమ్ ఉంది. చాలా పట్టింపు మనుషులు. ఇది కూడా మీకే ఇస్తున్నాను. ఇదీ ఇలాగే వచ్చిందంటే మాత్రం, మాస్టారూ, నేను ఇంకొకళ్లని చూసుకోవాలి. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

వంటగది గుమ్మంలో టీ కప్పు పట్టుకుని నిలబడ్డ ఆమె దాన్ని ఆయనకివ్వడం మరిచిపోయింది. ఆ లాప్‌టాప్‌కి కామెర్లు తెప్పిస్తున్నది తనే మరి.

ఆయన పక్కనే ఆమెకీ ఒక పని ఉంది. ఫోటోలో మనుషుల్ని వెనకున్న దృశ్యం నుంచి వేరు చెయ్యడం. చెవి పక్క వెంట్రుకల్ని ఒక్కొక్కటే తప్పించుకుంటూ గీత గీస్తుంది. ఆయనకంత ఓపిక లేదు. మొదటిసారి ఆల్బమ్ వెనక్కి వచ్చినప్పుడే ఆమె గమనించింది, తెర మీద కూడా మొహాలు పాలిపోయి నీలంగానే ఉన్నాయని. ఆయన మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఎరుపు కొంచెం, పసుపు కొంచెం పెంచింది. చెంపలకి ప్రాణం వచ్చింది. ఆయన లేచి, అచ్చుకి పంపే ముందు ఆఖరి చూపు చూస్తాడు కదా, "మళ్లీ పసుపెక్కింది" అని తిట్టుకుంటూ ముందటికంటే ఎక్కువ నీలం వేశాడు. మర్నాడు ఆమె ఇంకాస్త ఎరుపు వేసింది. దుప్పటి ఒకరు అటు, ఒకరు ఇటు లాక్కున్నట్టు ఆ ఫోటోల్ని ఇద్దరూ లాగుతూ వచ్చారు. ఆఖరి చూపు ఆయనదే కాబట్టి ఎప్పుడూ నీలమే గెలిచేది.

పాత తెర అయ్యుంటుందనుకుంది. తలెత్తి చూస్తే ఒక రంగు, దించి చూస్తే ఇంకో రంగు చూపించేది అది. ఆయన పొడుగు, తను పొట్టి. ఆయన ఎత్తుకి ఒకలాగా, తన ఎత్తుకి ఒకలాగా కనిపిస్తోందని మనసుకి నచ్చజెప్పుకుంది. కొత్తది వస్తే అంతా సర్దుకుంటుంది. ఇంక చెప్పడం ఎందుకు?

ఆదివారం ఆమె తమ్ముడు వచ్చి కొత్తది కొనాలన్న సంగతి విన్నాడు. వాడు ఆఫీసు ఉద్యోగి. ఆఫీసు వాళ్లిచ్చిన నల్లటి లాప్‌టాప్‌ని భుజం మీంచి దించకుండా తిరుగుతాడు.

"బావా, కళ్లు మూసుకుని బిజినెస్ లాప్‌టాప్ కొను. ఇళ్లలోకి అమ్మేవన్నీ పైకి తళుకే. నాది ఒకసారి బండి మీంచి జారి రోడ్డు మీద పడింది. తీసి దులిపాను, పని చేసింది."

"నువ్వు పడినా అంతేనా? దులిపితే పని చేస్తావా?"

"నవ్వు బావా, నవ్వు. కీబోర్డు మీద టీ ఒలికినా కిందికి కారిపోవడానికి దారి ఉంటుంది దానికి."

"మీ అక్క పెట్టే టీ అంత తేలిగ్గా కారదు లే."

"పాడైతే కంపెనీ మనిషి ఇంటికొచ్చి బాగుచేస్తాడు. బ్యాటరీ విప్పి మార్చుకోవచ్చు. మూత వందసార్లు తెరిచినా మడత దగ్గర కిక్కురుమనదు. రెండో రకం సినిమాలు చూసుకునే వాళ్లకి."

"మరి రంగులు?" ఆమె అడిగింది.

"రంగుల సంగతి నాకేం తెలుసక్కా? మా ఆఫీసులో అన్నీ తెల్ల కాగితం, నల్ల అక్షరమే."

మర్నాడు ముగ్గురూ షోరూముకి వెళ్లారు. లోపల అద్దాల బల్లల మీద లాప్‌టాప్‌లన్నీ నోళ్లు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి. జుట్టు బిగించి ముడేసుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది. ఏం పని చేస్తారు, ఎన్ని గంటలు చేస్తారు, బయటికి తీసుకెళ్తారా అని ఓపికగా అడిగింది. రెండింటిని పక్కపక్కన పెట్టింది. ఒకటి మందంగా, గరుకుగా, దిగాలుగా ఉంది. రెండోది పల్చగా, అద్దంలా మెరుస్తోంది.

తమ్ముడు మందంగా ఉన్నదాని మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "చూడక్కా, ఎంత బిగువో."

ఆమె సంచిలోంచి పెన్ డ్రైవ్ తీసి ఇచ్చింది. అందులో కొత్త పెళ్లి ఆల్బమ్ తాలూకు ఫోటో ఒకటి, ఇంకా ఎవరూ చెయ్యి పెట్టనిది, ఉంది. పెళ్లికూతురు ఒక చంటిపిల్లని ఎత్తుకుని నవ్వుతోంది. పిల్లకి తెల్ల గౌను. షోరూము అమ్మాయి ఆ ఫోటోని రెండింటిలోనూ తెరిచింది.

మాస్టారు కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. కనుబొమల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఈ మధ్య ఎక్కడ దీపం ఉన్నా అలా అడ్డం పెట్టుకుంటున్నాడు.

"మీకు ఏది సహజంగా అనిపిస్తోంది సార్?"

ఆయన తడుముకోలేదు. మందంగా ఉన్నదాని మీద వేలు పెట్టాడు. "ఇది. ఇందులో గౌను తెల్లగా ఉంది. దాంట్లో పసుపు నీళ్లలో జాడించినట్టుంది."

"అదీ మాట!" అన్నాడు తమ్ముడు. "నేను చెబితే వినలేదు, ఇప్పుడు బావే చెప్పాడు."

ఆమె చూసింది. మందంగా ఉన్నదాంట్లో పిల్ల చెంపలు బూడిద రాసినట్టున్నాయి. గౌను నీలిమందు ఎక్కువైన బట్టలా ఉంది. పల్చటిదాంట్లో పిల్ల పిల్లలాగే ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగులుతుందేమో అన్నట్టుంది. ఇక్కడ తెర పాతది కాదు. ఆయన ఎత్తుకీ తన ఎత్తుకీ తేడా లేకుండా ఆమె వంగి, నిక్కి, పక్కకి జరిగి చూసింది. ఎలా చూసినా అంతే.

షోరూము అమ్మాయి కూడా ఆమె వైపే చూస్తోంది. "సార్, ఇది ఆఫీసు మోడల్. అక్షరాలకీ లెక్కలకీ చాలా మంచిది. కాకపోతే ఈ ధరలో వచ్చేదాంట్లో తెర మామూలుది. రంగులు కొన్నే చూపిస్తుంది, కాస్త నీలం కొడుతుంది. ఫోటో పని వాళ్లు ఎక్కువగా దానివైపే..."

"అమ్మా, నువ్వు పుట్టకముందు నుంచీ నేను చేస్తున్న పని ఇది. తెలుపంటే ఏమిటో నాకు చెబుతావా?"

"అయ్యో, అలా కాదు సార్." ఆ అమ్మాయి గాభరాగా ప్రింటర్ దగ్గరికి వెళ్లి, కాగితాల కొత్త కట్ట విప్పి, ఒక కాగితం తెచ్చి రెండు తెరల మధ్య పట్టుకుంది. "దీంతో పోల్చి చూడండి."

మాస్టారు కాగితం అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "ఇదెక్కడి తెలుపు? ఎప్పటిదో పాత కాగితం. ఎండకి పసుపెక్కింది."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "బావా, ఇప్పుడేగా కట్ట విప్పింది!"

ఎవరూ నవ్వలేదు. వాడి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మాస్టారు కాగితాన్ని చూశాడు, భార్య మొహం చూశాడు. తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, నలగకుండా చేత్తో సాపు చేశాడు.

"కాసేపట్లో వస్తాం" అని ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. షోరూము మెట్ల మీద ఒక పక్కగా కూర్చున్నారు.

"ఏమండీ, మన లాప్‌టాప్ రంగులు మార్చలేదు. నేను మార్చాను."

"ఎప్పుడు?"

"మీరు నడుం వాల్చినప్పుడు."

"రోజూనా?"

ఆమె తలూపింది.

"దాన్ని అనరాని మాటలన్నీ అన్నాను," అన్నాడు ఆయన. "నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెబితే ఊరుకునేవారా? కూరలో ఉప్పెక్కువైందంటే సర్దుకుంటారు గానీ, ఫోటోలో రంగెక్కువైందంటే అన్నం మానేస్తారు."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఒక కన్ను మూసుకుని ఎదురుగా ఆగి ఉన్న బండిని చూశాడు. రెండో కన్ను మూసుకుని మళ్లీ చూశాడు.

"ఆ బండి ఏ రంగు?"

"తెలుపు."

"నిజం చెప్పు."

"తెలుపేనండీ."

"నాకు అన్నీ పసుపెక్కి మాసినట్టు కనిపిస్తుంటే ఈ వీధులే మాసిపోయాయనుకున్నాను. బట్టలు తెల్లగా రావడం లేదని నీ చేత సబ్బు మార్పించాను." ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "పైకి బాగానే ఉన్నానే! అక్షరాలు కనిపిస్తున్నాయి, దారి కనిపిస్తోంది. కళ్లు పాడైతే తెలియదా మనిషికి?"

తెలియలేదు కదా, ఆమెకీ. తెలుసుకోవాలనిపించలేదేమో కూడా.

తమ్ముడు తలుపు తోసుకుని వచ్చాడు. ఎప్పుడూ ఉండే హుషారు లేదు వాడి మొహంలో. "బావా, ఆ అమ్మాయి అడుగుతోంది. ఏది తీసుకుంటారని."

"పల్చటిది."

"అది మడత దగ్గర విరుగుతుందేమో బావా, నువ్వు వాడే వాడకానికి..."

"విరిగితే అప్పుడు చూద్దాం. చూడాల్సింది ఇక మీ అక్క."

ఆమె ఉలిక్కిపడింది. "నాకు రాదు! నేను వెంట్రుకల చుట్టూ గీతలు గీసుకునేదాన్ని."

"రాకపోతే ఇన్నాళ్లూ నా వెనకాల ఏం చేశావు?"

అది కోపమో, మెప్పో ఆమెకి తెలియలేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీస్తుంటే చెయ్యి పట్టుకుంది. "స్టూడియో అన్నయ్యగారికి ఇప్పుడే చెప్పకండి. రేపు కంటి డాక్టరుకి చూపించుకుందాం. ఈ ఒక్క ఆల్బమూ నేను చేసేస్తాను, మీ పేరు మీదే ఇద్దాం. ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆయన ఇంకెప్పుడూ ఇవ్వడు."

"నిన్నగాక మొన్న ఆయన మొహం మీదే బాగున్నాయన్నాను. ఆ మాట నమ్మి మళ్లీ పని ఇచ్చాడు." ఆయన ఆమె చేతిని మెల్లగా తప్పించి, ఫోన్ చేశాడు. కళ్ల సంగతి చెప్పాడు. రంగులు ఇక నుంచి మా ఆవిడ చూస్తుందన్నాడు. ఆమె వంగి ఫోన్ దగ్గర చెవి పెట్టింది.

"చెల్లెమ్మ చేస్తుందా?" అని స్టూడియో ఆయన గొంతు సన్నగా వినిపించింది. "మాస్టారూ, నన్ను ఇరకాటంలో పెట్టారు. వాళ్లు పట్టింపు మనుషులని చెప్పానుగా. సరే, సాయంత్రానికి ఒక్క పేజీ చేసి పంపమనండి. చూశాక నా మాట చెబుతాను. ముందే మాటివ్వను."

ఆ సాయంత్రం కిటికీ దగ్గరి ఆయన కుర్చీలో ఆమె కూర్చుంది. ఎప్పుడూ ఆమె కూర్చునే స్టూలు ఆయన వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. తమ్ముడు టీ పెడతానని వంటగదిలోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేస్తున్నాడు. కొత్త తెర మీద పెళ్లికూతురు, చంటిపిల్ల. ఆమె ముందు గౌను వెతికింది. అంచు దగ్గర కాస్త నీడ పడ్డ చోటు చూసుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఎరుపు ఒక వెంట్రుకవాసి. మళ్లీ ఒక వెంట్రుకవాసి. పిల్ల చెంపకి నెమ్మదిగా మరింత రక్తఛాయ వచ్చింది. ఇంకాస్త ఎక్కువైతే జ్వరం వచ్చినట్టుంటుంది. ఆమె వేలు ఆగింది.

"చాలా అండీ? ఇంకా కొంచెమా?"

వెనక స్టూలు కిర్రుమంది. ఆయన ముందుకు వంగాడు, తెర దాకా వచ్చాడు. ఆయన ఊపిరి ఆమె చెవికి తగిలింది. ఆమె ఎదురుచూసింది.

"నన్నడక్కు," అన్నాడు ఆయన. "నువ్వే ఆపు."

ఆమె వెనక్కి తిరిగి చూడలేకపోయింది. ఉన్న రంగు ఉన్నట్టే ఉంచి, పేజీ పంపించింది.