తినే కొద్దీ తేలికయ్యే సంచి

వచ్చే వేసవిలో షెఫీల్డ్ డాక్టర్లు కొందరు, ఇంగ్లండ్ కొండల మీదుగా పోయే పెనైన్ వే కాలిదారి మొత్తం నడవాలనుకున్నారు. ఆ జట్టులో నాకు చోటుందో లేదో తేల్చేది వాళ్ళలో ఒకరైన మా అక్క మొగుడు. ఆయన పెట్టిన పరీక్ష ఒక్కటే. ఆ దారిలోనే హార్టన్ ఊరి నుంచి హాస్ ఊరి దాకా, కొండ మీదుగా, నా వంతు బరువు నేనే మోసుకుంటూ నడవాలి. మోస్తే జట్టులో ఉంటాను. దించితే వాళ్ళ వెనకాల రోడ్డు మీద వ్యాన్ తోలుతూ, సాయంత్రాలు తిండి అందిస్తాను. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టి పెరిగినవాణ్ణి. ఇంతదూరం వచ్చి మళ్ళీ సరుకులు అందించడమా?

హార్టన్ స్టేషన్ బయట సామాను పంచుకున్నాం. ఒక సంచిలో గుడారం, రెండో దాంట్లో అక్క కట్టిచ్చిన రెండు రోజుల తిండి, అన్నీ స్టీలు డబ్బాలే. రెండూ చేత్తో ఎత్తి చూశాను. తిండి సంచే బరువు. కానీ గుడారం వానకి తడిస్తే బరువెక్కుతుంది, తిండి తినే కొద్దీ తగ్గుతుంది.

"పెద్దవాడివి, తేలికది నువ్వు తీసుకో బావా. తిండి నేను మోస్తాలే," అన్నాను, త్యాగం చేస్తున్న మొహం పెట్టి.

"సరే," అన్నాడు.

బేరమాడకుండా సరే అన్నవాడొస్తే తక్కెడ ఇంకోసారి చూసుకోమనేవాడు మా నాన్న. నేను చూసుకోలేదు.

మొదటి కొండ ఎక్కేసరికి సంచి పట్టీలు భుజాల్లోకి దిగాయి. రాతిగోడ చాటున జల్లుకి వీపు తిప్పుకుని కూర్చుని పులిహోర డబ్బా తెరిచాను.

"తిను బావా."

"నువ్వు కానీ. నాకు శనివారం ఒక్కపొద్దు. పొద్దుగూకాకే భోజనం."

"డాక్టరువై ఉండి, కొండెక్కుతూ ఉపవాసమేంటి?"

"వెంకన్నకి కొండలేమన్నా కొత్తా?"

శనివారం కోసం ముందురోజే అటుకులు తెప్పించి పెట్టే కొట్లో పుట్టాను నేను. లోకంలో ఎవరు మర్చిపోయినా నేను మర్చిపోకూడని వారం అది.

ఆయన వంతు కూడా నేనే తిన్నాను. కాసేపటికి చపాతీలూ తిన్నాను. సంచిలోని బరువు కడుపులోకి మారింది కానీ మోసేవాడు మారలేదు. ఎదురొచ్చిన ఒక తెల్ల జంటకి బొబ్బట్టు ఇవ్వబోతే, అమ్ముతున్నాననుకున్నారో ఏమో, గడ్డిలోకి దిగి మరీ తప్పుకుపోయారు. బావ నవ్వు ఆ లోయంతా వినబడింది.

"బోణీ కాలేదా బామ్మర్దీ?"

హాస్ ఊరి కప్పులు కింద కనబడుతుండగా నా కాలు బురదలో దిగబడి మోకాలు మెలిక పడింది. బావ వచ్చి ప్యాంటు పైకి మడిచి నొక్కాడు.

"ఇక్కడా నొప్పి?"

అరిచాను. సరిగ్గా అక్కడే మళ్ళీ నొక్కాడు.

"విరగలేదులే. నడుస్తావు. సంచి మాత్రం ఇటియ్యి."

"ఊరు కనబడుతోంది బావా. కొంచెం ఆగి నేనే మోస్తాను."

"లేచి చూపించు."

సంచితో లేవబోయి రెండుసార్లు చతికిలబడ్డాను. మూడోసారి పట్టీలు నేనే విప్పి ఇచ్చాను.

ఆయన దాన్ని భుజానికెత్తుకోలేదు. పడమటి వైపు చూశాడు. పొద్దు గూకింది. గోడ మీద తీరిగ్గా కూర్చుని మిగిలిన డబ్బాలన్నీ వరసగా తెరిచాడు. ఆవకాయ నంజుకుంటూ, వేళ్ళు నాక్కుంటూ, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. రేపటిది కూడా.

"రేపటికి ఏం తింటాం?"

"రేపేముంది? మనం ఇంటికెళ్ళిపోతాంగా. తిండి సంచి నువ్వే తీసుకుంటావని మీ అక్క ముందే చెప్పింది. అందుకే స్టీలు డబ్బాల్లో కట్టింది. వ్యాన్ ఇన్సూరెన్స్‌లో డ్రైవరుగా నీ పేరు మొన్ననే ఎక్కించాను."

డబ్బాలకి మూతలు పెట్టి, సంచిలో సర్ది, నా ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడు మోయి. తేలిగ్గా ఉంది."