అడ్డసరం కషాయం

ప్రొద్దుటూరులో పత్తి మిల్లు పక్క సందులో దాదాపీరు సాయిబు అడ్డసరం కషాయం కాచి పోసేవాడు. పొద్దున్నే పెన్న ఒడ్డున ఆకు కోసుకొచ్చి, మిరియాలు దంచి వేసి, గడ్డం ఆవిరికి తడిసేదాకా కుండ మీదికి వంగి కలిపేవాడు. పత్తి దుమ్ముకు దగ్గే కూలీలు వచ్చి, కళ్లు మూసుకుని తాగేవారు. ఎవరైనా ముఖం చిట్లిస్తే, "చేదు నీకు కాదప్పా, దగ్గుకు" అనేవాడు. నవ్వేవాడు కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో అతని భార్య మస్తాన్‌బీకి జ్వరం తగిలింది. ఊపిరి తీసుకుంటే డొక్కలు ఎగిరేవి. కషాయం పోస్తూనే ఉన్నాడు, తగ్గలేదు. ఆమె పెదవులు నల్లబడడం చూసి, కుండ పొయ్యి మీదే వదిలి, జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఊపిరితిత్తులు వాచాయని డాక్టరు పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టాడు. వార్డు బయట నేల మీద కూర్చున్న సాయిబును మిల్లు కూలీ ఒకడు గుర్తుపట్టాడు.

"ఏంది సాయిబూ, నువ్వే ఈడుండావు?"

"నా మందు ఉత్త దగ్గుకేనప్పా. ఈ ఆయాసం దానికి లొంగలే."

మస్తాన్‌బీ కోలుకుంది. ఆ తర్వాత సాయిబు కషాయం అందించేముందు ప్రతి మనిషి వీపుకూ చెవి ఆనించి వినేవాడు. ఊపిరి గరగరమంటే, "ఆసుపత్రికి పో" అని లోటా వెనక్కి తీసుకునేవాడు. పోనని మొండికేసిన వాణ్ని జట్కా ఎక్కించి, దిగి పారిపోకుండా పక్కనే కూర్చునేవాడు.