ఏడో వరుసలో లేని పేరు

ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే, దాన్ని మీరు నిజమని ఒప్పుకుంటారా?

నేనైతే ఒప్పుకునేదాన్ని. విజయవాడలో చదివిన మూడేళ్లూ కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నాను. దయ్యాలంటూ ఎవరైనా మొదలుపెడితే "చూసింది మీరా, మీకు చెప్పినవాళ్లా?" అని అడగడం నా అలవాటు. సగం కథలు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. నేను ఏనాడూ వాటిని నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేను స్వయంగా చూసింది.

మాస్టర్స్ కోసం ఈ ఇంగ్లీషు దేశానికి వచ్చి వాట్‌ఫర్డ్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో ఫ్లాట్‌లో ఉంటున్నాను. కిందటి శీతాకాలంలో హారోలో ఉండే రాజేశ్వర్ అంకుల్ నన్ను ఒక పనిలోకి లాగారు. ఆయన వరంగల్ మనిషి, ఇక్కడ జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, చేసి రిటైరయ్యారు. కుంపెనీ కాలంలో మన తీరం నుంచి ఈ దేశానికి వచ్చిన ఆయాల, నౌకర్ల, ఓడ కళాసీల ఆనవాళ్లు వెతికే చిన్న బృందాన్ని నడుపుతున్నారు.

ఇక్కడికి దగ్గరలోని ఒక పాత చర్చి ఆవరణలో కెప్టెన్ దొర ఒకాయన కుటుంబపు సమాధిరాయి ఉంది. మన కోస్తాలో కుంపెనీ కొలువు చేసి తిరిగొచ్చినవాడు. రాయి అడుగున ఆ ఇంటి ఆయా గురించి ఒక్క పంక్తి: నమ్మకమైన సేవకురాలు మేరీ. మేరీ అన్నది ఇక్కడికి వచ్చాక పెట్టిన పేరు. కన్నవాళ్లు ఏమని పిలిచారో ఎవరికీ తెలియదు.

ఆ రాయి పగిలిపోవడంతో కొత్తది చెక్కిస్తున్నారు. ఆమె అసలు పేరు దొరికితే చేరుస్తామని చర్చివాళ్లు ఒప్పుకున్నారు. "రుజువున్న పేరే చెక్కాలి, ఊహించిన పేరు వద్దు" అని మీటింగ్‌లో వాదించి గెలిచింది నేనే.

మా పద్ధతి ఇది. చర్చి ఖననాల రిజిస్టర్ పేజీ ఫొటో ఇద్దరికి విడివిడిగా వస్తుంది. ఇద్దరూ పెన్సిల్‌తో తమ తమ నోట్‌బుక్‌లో నకలు రాయాలి. పోల్చే రోజు దాకా ఆ పేజీ గురించి మాట్లాడుకోకూడదు. రెండు నకళ్లూ కలిస్తే ఇక ఫొటో తెరిచి చూసేవాళ్లు ఉండరు. తేడా వస్తేనే చూస్తాం. ఇందులో లోపం ఉందని అప్పట్లో నాకు తోచలేదు.

నా జోడీ మార్గరెట్, డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. తెలుగనే భాష ఒకటుందని నన్ను కలిశాకే తెలిసిందట.

పేజీకి ఎనిమిది ఖననాలు. ఏడోది మేరీది. పోల్చిన రోజు, ఇద్దరి నకళ్లలోనూ మేరీ తర్వాత ఒక కామా, ఆపైన ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు ఆడపేరు, దాని పక్కన 'మడపోలం' అనే ఊరి పేరు ఉన్నాయి. రెండు నకళ్లకూ ఒక్క అక్షరం తేడా లేదు. చర్చి హాల్లో అంకుల్ చప్పట్లు కొట్టారు. ఆ పేరు ఎలా పలకాలని మార్గరెట్ అడిగితే రెండుసార్లు పలికి చూపించాను.

మడపోలం అంటే నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం అని, అక్కడ ఒకప్పుడు కుంపెనీ వర్తక స్థావరం ఉండేదని ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికాకే తెలిసింది. అంతకుముందు ఆ ఊరి పేరు విన్న గుర్తు నాకు లేదు.

రాయి చెక్కే అతనికి శుక్రవారంలోపు అక్షరాలు పంపాలి. ఆధారంగా ఫొటో కూడా జతచేద్దామని బుధవారం మధ్యాహ్నం యూనివర్సిటీ లైబ్రరీలో దాన్ని తెరిచాను. ఏడో వరుసలో 'మేరీ, ఇండియా దేశస్థురాలు' అని మాత్రమే ఉంది. మన తెలుగు పేరు గానీ, ఊరు గానీ లేవు.

ముందు అంకుల్‌ని అనుమానించాను. ఆ పేరు కోసం అందరికన్నా తపించింది ఆయనే, ఫొటోలు పంపిందీ ఆయనే. ఫోన్ చేసి నేరుగా అడిగేశాను.

"ఏంది బిడ్డా, నా మీదనే కేసు పెడ్తున్నవా?" అని నవ్వారు. "ఈమెయిల్‌కు ఫొటో అంటించుడే మొన్న మా మనవరాలు నేర్పింది. దాన్ని మార్చే తెలివి నాకేడిది?"

ఆ నవ్వు నన్ను ఒప్పించలేదు. నాకొచ్చిన ఫొటోనూ మార్గరెట్‌కు వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే. గురువారం పొద్దున్నే, చర్చి రిజిస్టర్లు భద్రపరిచే కౌంటీ ఆర్కైవ్స్‌కు వెళ్లి అసలు రిజిస్టర్ తెప్పించుకున్నాను. అక్కడి ఉద్యోగిని కాగితం వెనక పలచని దీపపు పలక పెట్టి చూపించింది. గీకిన జాడ లేదు, చెరిపిన మరక లేదు.

అక్కణ్నుంచి తిన్నగా మార్గరెట్ ఇంటికి వెళ్లాను. నా నోట్‌బుక్ చూసి రాసిందేమోనని అనుమానం, అది నా సంచి దాటి ఎక్కడికీ పోలేదని తెలిసినా. ఆమె టీ పెట్టి, తన నోట్‌బుక్ తెచ్చి నా ముందు ఉంచింది. ఆ పేరు పక్కన చిన్న ప్రశ్నార్థకం ఉంది. చేతిరాత పోల్చుకోలేని చోట ఆమె పెట్టుకునే గుర్తు అది.

"నేనే కల్పించి ఉంటే నన్ను నేనే ప్రశ్నించుకుంటానా, డియర్?" అంది. ఆ గుర్తు మీద వేలు పెట్టి, "ఆ కామా తర్వాత ఇంకు పలచబడింది, నీకు గుర్తుందా?" అని అడిగింది.

నాకు గుర్తుంది. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. చేతిలో కప్పు కింద పెట్టేశాను.

ఇక మిగిలిన అనుమానితురాలిని నేనే. ఆ పేరు ఎప్పుడో ఎక్కడో చదివి, మరిచిపోయి, అక్కడ ఉన్నట్టు ఊహించుకున్నానా? కావచ్చు. అది నా ఒక్కదానికే సరిపోయే వివరణ. మార్గరెట్ మాటేమిటి?

శుక్రవారం అంకుల్ ఫోన్ చేశారు. "ఇద్దరు రాసిన్రు గదా. ఇంకేం గావాలె నీకు?"

"పేజీలో లేదు అంకుల్."

"పేజీల లేకుంటే ఆమెకు పేరు లేనట్టేనా?"

అయినా ఆ పేరు పంపలేదు. నేను పెట్టిన నియమాన్ని నాకు నచ్చిన పేరు కోసం సడలిస్తే, రేపు ఎవరైనా ఏ పేరైనా చెక్కించుకోవచ్చు.

కొత్త రాయి నిలబెట్టారు. మేరీ తర్వాత ఒక కామా, దాని పక్కన జానెడు ఖాళీ. అది అంకుల్ కోరిక, నేను అడ్డు చెప్పలేదు. మేము చూసిందేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యమని అనను. పొరపాటని కూడా అనలేకపోతున్నాను.

ఆ పేరును నేను ఇక్కడ ఎక్కడా రాయలేదు. కావాలనే. మీది నరసాపురం వైపు అయితే, దొర పిల్లల వెంట ఓడెక్కి తిరిగిరాని మనిషి గురించి మీ ఇంట్లో ఒక్క మాటైనా మిగిలి ఉంటే, పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పిన పేరును, అది ఎవరి నుంచి విన్నారో కాగితం మీద రాసి ఈ పత్రిక ద్వారా పంపండి. నా దగ్గరున్న పేరేమిటని మాత్రం అడగకండి. ముందు మీ కాగితం రావాలి. తర్వాతే నా నోట్‌బుక్ తెరుస్తాను.