బాగుంటుందని ఇవ్వలేదు

నేను చదువుకున్న మూర్ఖురాలినని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇప్పటికీ నలుగురిలోనూ అంటూంటారు. అననివ్వండి. నేను చేసింది మూర్ఖత్వమే అయితే ఒళ్ళు తెలిసి చేసిన మూర్ఖత్వం. మళ్ళీ కూర్చోబెట్టి అడిగినా అదే జవాబు చెబుతాను.

మాది అల్లవరం వైపు ఒక పల్లె. మా ఇంటి పెరటి తలుపు తీస్తే ఎదురుగా మా చేను. చేనుకి అవతల మురుగు కాలువ, దాని గట్టు మీద కొబ్బరి చెట్లు. మా చేనుకి ఎడంపక్క బావగారి పొలం. ఇంతకంటే చెప్పుకోవలసిన గొప్ప ఏమీ లేదు. కోనసీమలో ఇలాంటి చేలు ఎన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టి ఉండరు.

పొద్దున్నపూట ఆ ఇంట్లో నన్ను చూస్తే శత్రువుకైనా జాలేస్తుంది. ఒక పొయ్యి మీద అన్నం, రెండోదాని మీద కూర. పెద్దదానికి జడ వెయ్యాలి. చిన్నవాడికి ఎప్పుడూ ఒక సాక్సే దొరుకుతుంది. మా ఆయన ఎరువుల కొట్టు తెరవడానికి తొందరపడుతూ టిఫిను అడుగుతారు. అత్తగారికి బీపీ మాత్ర గుర్తుచెయ్యాలి. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. స్కూలు బస్సు ఏడున్నరకల్లా మా వీధి మలుపులోకి వచ్చేస్తుంది. డ్రైవరు రెండు హారన్లు కొడతాడు. మూడోది కొట్టడు, పోతాడు.

అందానికి కూడా సరిగ్గా ఆ వేళే కుదురుతుంది, ఏం చేస్తాం! కార్తీకంలో చేను పండుబారే రోజుల్లో చూడాలి. రాత్రి కురిసిన మంచు, వెన్నుకీ వెన్నుకీ మధ్య సాలీళ్ళు కట్టిన గూళ్ళ మీద నిలుస్తుంది. ఎండ కొబ్బరి మట్టల్లోంచి దిగగానే చేనంతా గూళ్ళే. ఇన్ని సాలీళ్ళు మన పెరట్లో కాపురం చేస్తున్నాయా అని గుండె ఝల్లుమంటుంది. ఎండెక్కగానే మంచు ఆరిపోతుంది. గూళ్ళు అక్కడే ఉంటాయి, మనకే కనబడవు. తొలకరికి వేసే సార్వా పంట ఊడ్పుల ముందు ఇంకో వేషం. నీళ్ళు పెట్టి దమ్ము చేసిన మడిలో ఆకాశం మొత్తం దిగి ఉంటుంది, ట్రాక్టరు వెనకాల కొంగలు ఆ మబ్బుల్లోనే నడుస్తుంటాయి.

నేను గరిట చేత్తో పట్టుకునే పెరటి గుమ్మంలో నిలబడిపోయేదాన్ని. లోపల్నుంచి మా ఆయన కేకలు.

“ఏంటలా నిలబడిపోయేవు? అన్నం మాడుతోంది!”

“మాడనివ్వండి.”

మాడిన అన్నం మా ఇంట్లో చాలాసార్లు తిన్నారు. ఎవరూ చావలేదు. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా నా ఒంట్లో ప్రతి అవయవమూ ఎవరో ఒకరి పని మీద తిరుగుతూనే ఉంటుంది. ఆ గుమ్మంలో ఆ కాసేపూ నా కళ్ళు మాత్రం నావి. దానికి నేను సిగ్గుపడలేదు, పడను.

ఇలా ఉండగా రెండేళ్ళ కిందట బావగారు ఒక ఆసామిని వెంటబెట్టుకుని వచ్చేరు. ఊళ్ళలో పొలాలు లీజుకి తీసుకుని రొయ్యల చెరువులు తవ్వుతాడాయన. మా చుట్టుపక్కల సగం ఊళ్ళు అప్పటికే ఆ దారి పట్టేయి. బావగారి పొలం ఒక్కటీ ఇస్తే సరిపోదు, దానికి కాలువ తగలదు. చెరువుకి నీళ్ళు రావాలన్నా పోవాలన్నా కాలువ దాకా మా చేలోంచే తూము వెయ్యాలి. అందుకని రెండూ కలిపి తవ్వుతామన్నారు. బావగారికి మేడ మీద గదులు పూర్తిచెయ్యాలని ఎప్పట్నుంచో కోరిక. లీజు సొమ్ము వస్తే ఆ పని అవుతుంది. మాకూ వరి మీద వచ్చేదానికన్నా చాలా ఎక్కువే వస్తుంది. ఎవరి లెక్క చూసినా ఇవ్వడమే తెలివి.

చిక్కల్లా ఒక్కటే. ఆడపేరు మీద ఉంటే కలిసొస్తుందని ఎవరో సిద్ధాంతిగారు చెబితే, పంపకాలప్పుడు ఆ ముక్క నా పేరున రాయించింది సాక్షాత్తూ మా బావగారే. ఇప్పుడు సంతకం నేనే పెట్టాలి. కలిసి రావడమంటే ఇదే కాబోలు!

నేను పెట్టనన్నాను.

ఇక్కడొక మాట చెప్పాలి. రొయ్యల మీద నాకేం పగ లేదు. చింతచిగురు రొయ్యలు వండిన రోజు నేను తినే అన్నం మా ఆయన తినే అన్నానికి రెట్టింపు. చెరువుల మీద బతికేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు, వాళ్ళు దొంగలూ కాదు, దుర్మార్గులూ కాదు. నేనడిగింది నా గుమ్మం ముందున్న చేనుని చేనుగా ఉండనివ్వమని, అంతే.

మా ఆయన మంచివారే. టిఫిను తింటూ నెమ్మదిగా చెప్పేరు.

“చూడు, చూడ్డానికి బాగుంటుందని మాత్రం ఎవరి దగ్గరా అనకు. నవ్వుతారు. చెరువు తవ్వితే నూతిలో నీళ్ళు ఉప్పెక్కిపోతాయని చెప్పు. అది నిజం కూడాను. అలా చెప్పేవంటే నేను నీ పక్కనే నిలబడతాను.”

“నేను చెప్పే అసలు కారణానికి నిలబడరా?”

“దానికెలా నిలబడనే? ఊళ్ళో తలెత్తుకోవాలా, వద్దా?”

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి. కోపంతోనే. ఉప్పయితే కారణం, అప్పయితే కారణం, ఆఖరికి వాస్తు బాగాలేదన్నా కారణమే. కంటికి బాగుండడం మాత్రం కారణం కాదు! ఏం, కళ్ళు ఒంట్లోవి కావా? పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు ఇదే మగవాళ్ళకి అందం కారణంగా పనికొచ్చిందే!

ఆదివారం పొద్దున్న మా వీధి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు బావగారూ, ఆ లీజు ఆసామీ, మా ఆయనా. అత్తగారు గుమ్మం పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నేను కాఫీలు ఇచ్చి నిలబడ్డాను. ఆసామి మర్యాదస్తుడు. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టేడు.

“మేడమ్ గారూ, మీ బాధ నాకు తెలుసండి. ఉప్పే కదండీ! చెరువు అడుగున షీటు పరిపిత్తానండి, చుక్క దిగదు. మీ ఇంటికి మంచినీళ్ళ పైపు నేనే ఏయిత్తాను. ఆయ్.”

మా ఆయన మొహం వాడిపోయింది. ఆయన నాకోసం దాచిపెట్టిన ఒక్క ఆయుధమూ ఆ షీటు కిందకి పోయింది. నాకు మాత్రం పీడ వదిలినట్టయింది.

“ఉప్పు కాదండీ,” అన్నాను. “ఆ చేను చూడ్డానికి బాగుంటుంది. నాకు పొద్దున్నే అది చూడాలి. అందుకని ఇవ్వను.”

బావగారు ముందు నవ్వేరు, తరవాత మండిపడ్డారు.

“అందం కొరుక్కు తింటామా అమ్మాయ్? పిల్లలకి పాఠాలు చెప్పేదానివి, నీకు నేను చెప్పాలా?”

“కొరుక్కు తినేవి ఇంట్లో చాలానే ఉన్నాయండి బావగారూ. చూసుకునేది ఇదొక్కటే ఉంది.”

ఆసామి బేరం వదిలే రకం కాదు. గట్టు పొడుగునా పూలమొక్కలు వేయిస్తానన్నాడు. తవ్వకముందే చేనుని డ్రోనుతో ఫోటో తీయించి, ఇంత పెద్ద ఫ్రేము కట్టించి వంటింట్లో పెట్టిస్తానన్నాడు. పాపం, ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు.

“ఫోటోలో కొంగ వాలుతుందా అండీ?” అన్నాను.

“ఇదేం పిచ్చండీ బాబూ!” అన్నాడాయన. బావగారు కుర్చీలోంచి లేచి అత్తగారి వైపు తిరిగేరు.

“అమ్మా, నువ్వు చెప్పవే! నీ మాటంటే దీనికి భయం. ఒక్క మాట చెప్పు.”

నాకు భయమేసింది, అబద్ధమెందుకు. మా అత్తగారు నన్ను మెచ్చుకున్న రోజు నేనెరగను. గరిట పట్టుకు నిలబడ్డందుకు తిట్టిన తిట్లు మాత్రం చాలా ఎరుగుదును. ఆవిడ సంతకం పెట్టమంటే నాకు ఇక దారి లేదు.

ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టేరు.

“నేను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ ఆ పెరట్లోనే అంట్లు తోమేన్రా. వీపు చేనుకి, మొహం గోడకి. ఆ గోడ మీద పగుళ్ళెన్నో చెప్పమంటే చెప్తాను. చేలో ఏవుందో నాకు తెల్దు. ఇది రోజూ అలా నిలబడిపోతుంటే పనెగ్గొడతందని ఒళ్ళు మండిపోయేది. మొన్నోనాడు ఇది బడికెళ్ళేక, అసలేం చూత్తందో చూద్దారని నేనూ నిలబడ్డాను.”

“ఏం కనబడిందేంటి?” అన్నారు బావగారు వెటకారంగా.

“ఏముంటాది, చేనే. గాలేత్తే ఆ సివర్నుంచి ఈ సివరికి వొంగుతా వచ్చింది. కాళ్ళు నొప్పెట్టేదాకా చూసేను.” ఆవిడ చిక్కుడుకాయల్ని ఇంకా అవతలికి తోసేరు. “ఇన్నేళ్ళూ నా ఎనకాలే ఉందిరా అది! ఒక్కరన్నా ఇటు తిరగవే అని చెప్పేరా నాకు? ఇప్పుడు చెరువు సేసేత్తానంటే నేనూరుకోను. అది సంతకం పెడతానన్నా నేను పెట్టనివ్వను.”

బావగారు చెప్పులేసుకుని వెళ్ళిపోయేరు. ఆసామి కాఫీ పూర్తిగా తాగి, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళేడు. ఇంకో ఊళ్ళో పొలాలు తీసుకున్నాడని తరవాత విన్నాం.

దీనికి మేము తక్కువేం చెల్లించలేదు. బావగారు మా గుమ్మం తొక్కడం మానేసేరు. ఆయన మేడ మీద గదులు ఇంకా ఇటుకలతోనే ఉన్నాయి, అటు వెళ్ళినప్పుడల్లా నా తల దానంతటదే దించుకుపోతుంది. కోతలకొచ్చే ఆడవాళ్ళు మా ముక్కని ‘మేడం గారు చూసే చేను’ అంటారు. మా పిల్లలు పెద్దయ్యాక, అప్పుడు ఇచ్చి ఉంటే బాగుండేదమ్మా అని నన్ను నిలదియ్యవచ్చు. నిలదియ్యనివ్వండి, సమాధానం చెప్పుకుంటాను. బాధ లేదని అనను, తప్పు చేశానని మాత్రం ఎవరు చెప్పించినా చెప్పను.

ఆ ఆదివారం సాయంత్రం మా ఆయన పెరట్లో తిరుగుతున్నారు. అన్నగారితో చెడినందుకు ఆయన లోపల కుములుతున్నారు. అత్తగారు అంట్లు వేసుకుని తోమే రాయి దగ్గరికి వచ్చేరు. కూర్చోలేదు.

“ఒరేయ్, గునపం తెచ్చి ఈ రాయి ఇటు తిప్పు.”

ఆయన రాయి వైపూ కుడితి గోలెం వైపూ చూసేరు. “ఇటు తిప్పితే కడిగిన నీళ్ళన్నీ నడవలోకి వచ్చేస్తాయే అమ్మా.”

“నీళ్ళెటు పోతే నీకెందుకురా!” అని కసిరేరావిడ. “నా మొహం ఎటుంటదో అది చూడు ముందు.”

ఆయన గునపం కోసం పశువుల కొట్టంలోకి వెళ్ళేరు.